పద్నాలుగేళ్ల లోపు బావలు

ఆ సోమవారం పొద్దున లింగమూర్తి పెట్టుకున్న పనులు మూడే మూడు. తొమ్మిదింటికల్లా ఫుట్‌బాల్ లీగు నిబంధనలు టైపు చేయించాలి. పదింటికల్లా ఆరు జట్ల మేనేజర్ల చేత సంతకాలు పెట్టించుకోవాలి. వచ్చేటప్పుడు పెరుగు ప్యాకెట్టు తేవాలి. తర్వాతి నెల రోజుల్లో ఏ తలనొప్పీ తేనిది ఆ పెరుగు ప్యాకెట్టు ఒక్కటే.

లింగమూర్తి గోదావరిఖనిలో ఒక గని పర్సనెల్ ఆఫీసులో ముప్పై ఆరేళ్లు గుమాస్తాగా చేసి నిరుడు రిటైరయ్యాడు. ఫుట్‌బాల్ గురించి ఆయనకు తెలిసింది, బంతి గుండ్రంగా ఉంటుందన్నంత వరకే. అయినా పద్నాలుగేళ్ల లోపు బాలల లీగుకు ఆయనే కార్యదర్శి కావడానికి రెండు కారణాలున్నాయి. ఒకటి, కాలనీ మొత్తంలో సొంత స్టాంపు ప్యాడు ఉన్న మనిషి ఆయనే. రెండోది ఆయన బయటికి చెప్పనిది. ఫైనల్ చూసి ఒకే ఒక్కరిని స్పోర్ట్స్ హాస్టల్‌కు తీసుకుంటామని పైనుంచి ఉత్తరం వచ్చింది. చదువు, తిండి, బట్టలు, బూట్లు అన్నీ వాళ్లవే. ఆ సీటు తన మనవడు ప్రశాంత్‌కు రావాలని లింగమూర్తి కోరిక. అందుకే పదమూడేళ్ల ప్రశాంత్ గోదావరిఖని జట్టుకు కెప్టెన్ అయ్యాడు. వాడు అడగలేదు. అడిగింది వాడి చెల్లెలు హర్షిణి.

"తాతా, నా పేరు రాయలేదేంది?" అంది ఆ పొద్దున, మోకాలి మీద బంతిని ఎగరేస్తూనే. పన్నెండేళ్ల ఆ పిల్ల బంతి కింద పడకుండా ఎనభై దాకా లెక్కపెట్టగలదు. తాత ఎన్నడూ ఐదు కూడా లెక్కపెట్టలేదు.

"ఆడపిల్లలకు ప్రొవిజన్ లేదు బిడ్డా."

"ఏ రూల్ల ఉన్నది?"

"రూల్లు ఇంక రాయలే. రాసినంక చూపిస్త."

'ప్రొవిజన్ లేదు' అన్నది లింగమూర్తి ముప్పై ఆరేళ్లు తిన్న అన్నం. ఏ దరఖాస్తు వచ్చినా ముందు ఆ మాట రాసేవాడు, తీరిక దొరికితే తర్వాత రూలు పుస్తకం తెరిచేవాడు. తీరిక సాధారణంగా దొరికేది కాదు.

కొత్త రూళ్లు ఆలోచించి రాయడం ఆయన సర్వీసులో ఎన్నడూ జరగలేదు. అందుకని అటక మీది పాత సర్క్యులర్లు దింపి, 'కార్మికుడు' అన్నచోటల్లా 'ఆటగాడు' అనీ, 'గని' అన్నచోటల్లా 'గ్రౌండు' అనీ పెట్టుకుంటూ పోయాడు. పదహారు రూళ్లు ముచ్చటగా కుదిరాయి. పదిహేడోది మెడికల్ అన్‌ఫిట్ రూలు. బొగ్గుబావుల దగ్గర పాలు తాగే పిల్లకు కూడా తెలిసిన సంగతి అది. కార్మికుడు జబ్బుపడి ఇక డ్యూటీకి పనికిరాడని మెడికల్ బోర్డు తేల్చితే, అతని ఉద్యోగం ఇంట్లో ఒకరికి వస్తుంది. లింగమూర్తి దాన్నీ దించేశాడు. 'ఆటగాడు మెడికల్ అన్‌ఫిట్ అయిన యెడల అతని స్థానము అతని కొడుకునకు గాని, కూతురునకు గాని, అల్లునకు గాని ఇవ్వబడును. వారి వయస్సు పద్దెనిమిదికి తగ్గరాదు, ముప్పై ఐదుకు మించరాదు.'

ఆటగాళ్ల వయసు పదమూడేళ్లన్న సంగతి టైపు చేసినవాడికి తట్టలేదు. సంతకాలు చేసిన ఆరుగురు మేనేజర్లకూ తట్టలేదు. పెన్సిలుతో టిక్కు పెట్టిన చోట సంతకం చేయడం వాళ్లకు ఎంత అలవాటంటే, పై నాలుగు పేజీలు తెల్లకాగితాలైనా చేసేవాళ్లే.

మొదటి వారం బాగానే గడిచింది. ఎండ ముదరకముందే అయిపోవాలని ఆటలు పొద్దున ఐదున్నరకే మొదలుపెట్టేవారు. రెండో ఆదివారం శ్రీరాంపూర్ జట్టులో ఒక పిల్లవాడి మడమ బెణికింది. ఆ జట్టు మేనేజర్ జైపాల్ యూనియన్ నాయకుడు. ఈ బొగ్గుబావుల ప్రాంతంలో కాగితాన్ని చివరిదాకా చదివే అలవాటున్నది బహుశా ఆయనొక్కడికే. మంగళవారం పొద్దున ఆయన ఒక మీసాలాయనను వెంటబెట్టుకుని లింగమూర్తి ఇంటికి వచ్చాడు. ఆ మీసాలాయన పేరు ఎల్లన్న. ఇరవై తొమ్మిదేళ్లు, ఇద్దరు పిల్లల తండ్రి, బండలు కోసి మోసిన భుజాలు.

"సార్, మా పోరడు అన్‌ఫిట్. పదిహేడో రూలు ప్రకారం ఈయన డిపెండెంటు. వయసు సరిగ్గ రూల్ల ఉన్నట్టే ఉన్నది" అన్నాడు జైపాల్.

లింగమూర్తి కాగితం తీసి చదువుకున్నాడు. 'తప్పు పడింది జైపాల్, కొట్టేద్దాం' అని ఉంటే కథ అక్కడితో ముగిసేది. కానీ ముప్పై ఆరేళ్లలో ఆయన సంతకంతో వెళ్లిన కాగితంలో తప్పు పడిందని ఆయన ఒక్కసారి కూడా ఒప్పుకోలేదు. రిటైరయ్యాక ఒప్పుకోవడం ఇంకా నామోషీ అనిపించింది.

"వయసు సరే. సంబంధం కుదరదు" అన్నాడు గంభీరంగా. "కొడుకు, కూతురు, అల్లుడు. గంతే. ఈయన ఎవరు?"

"పోరనికి బావ. అక్క మొగుడు."

"బావకు ప్రొవిజన్ లేదు."

"పదమూడేండ్ల పోరనికి అల్లుడు యాడికెళ్లి వస్తడు సార్? అంటే రూలే తప్పని రాసిస్తరా? మీరు రాసియ్యుండ్రి, పైకి పంపుకుంటం."

'తప్పు' అన్న మాట, 'పైకి' అన్న మాట ఒకే వాక్యంలో వినబడేసరికి లింగమూర్తి చెయ్యి దానంతటదే కలం మీదికి పోయింది. సాయంత్రానికి వివరణ నంబరు ఒకటి వెలువడింది. 'పదిహేడో రూలులో కొడుకు అన్నచోట తమ్ముడు అనియు, కూతురు అన్నచోట చెల్లెలు అనియు, అల్లుడు అన్నచోట బావ అనియు చదువుకొనవలెను. పద్దెనిమిది లోపు వారిని సైతము పరిశీలించవచ్చును.' చదివి చూసుకుంటే ఆయనకే ముచ్చటేసింది. తప్పు ఎక్కడా లేదు, వివరణ మాత్రమే ఉంది.

ఆ ఆదివారం ఎల్లన్న పద్నాలుగేళ్ల లోపు లీగులో నాలుగు గోల్సు కొట్టాడు. చూడటానికి ఆయన పెద్ద కూతురు కూడా వచ్చింది.

ఇక చూడాలి. సోమవారం నుంచి కోల్‌బెల్టులో కుంటని పిల్లాడు కనబడలేదు. ఆరు జట్ల వాళ్లకూ బావలున్నారు, బావలందరికీ కాళ్లున్నాయి. గ్రౌండు గేటు దగ్గర టీ కొట్టు ఆగయ్యది. ఆయన పదేళ్ల కింద మోకాలి నొప్పితో అన్‌ఫిట్ అయిన మనిషి. నీళ్ల డ్రమ్ము భుజాన ఎత్తుకుని నడుస్తాడు గానీ, లింగమూర్తి ఎదురుపడితే మాత్రం పాత మర్యాద కొద్దీ రెండడుగులు కుంటుతాడు. ఆ ఆగయ్య ఇప్పుడు బెంచీ మీద పిల్లల్ని వరుసగా కూచోబెట్టి పాఠం చెప్పడం మొదలుపెట్టాడు.

"నిన్న ఎడమ కాలు కుంటి ఇయ్యాల కుడి కాలు కుంటితివి. డాక్టరు గుడ్డోడనుకున్నవా? ఒకటే కాలు పట్టుకోవాలె. మెట్లు ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు అమ్మా అనాలె. గది అసలు సంగతి."

ఆగయ్య పాఠం చెబితే, దరఖాస్తు రాసిపెట్టేది ఆయన బిడ్డ పూలమ్మ. డిగ్రీ చదివింది. తండ్రి అన్‌ఫిట్ అయినప్పుడు ఆ ఉద్యోగం తనకిమ్మని మూడుసార్లు దరఖాస్తు పెట్టుకుంది. మూడుసార్లూ లింగమూర్తి ఎర్ర సిరాతో 'కూతురునకు ప్రొవిజన్ లేదు' అని రాసి తిప్పి పంపాడు. ఉద్యోగం తమ్ముడికి వచ్చింది. తమ్ముడు క్వార్టరు తీసుకుని శ్రీరాంపూర్ వెళ్లిపోయాడు. తండ్రీ, టీ కొట్టూ పూలమ్మకు మిగిలారు. ఆ మూడు దరఖాస్తుల పుణ్యమా అని ఏ కాగితం ఎలా రాస్తే ఎక్కడ ఆగుతుందో ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

కుంటేవాళ్లు ఎక్కువయ్యేసరికి లింగమూర్తి గురువారం గురువారం మెడికల్ బోర్డు ఏర్పాటు చేశాడు. బోర్డంటే విశ్వేశ్వరరావు ఒక్కడే. దవాఖానలో కాంపౌండరుగా చేసి రిటైరైన కోస్తా మనిషి. మొదటి గురువారం ఆయన ముగ్గుర్ని తిప్పి పంపాడు. మధ్యాహ్నానికల్లా ఆ ముగ్గురి అమ్మలూ, అమ్మమ్మలూ, ఇంటి ఓనర్లూ వచ్చి ఆయన వరండాలో కూర్చున్నారు.

"నేను బీపీ మనిషినండీ లింగమూర్తిగారూ. ఇంతమందితో పోట్లాడలేను. ఎవరు కుంటుకుంటూ వస్తే వాళ్లకి రాసిచ్చేస్తాను. మళ్లీ అప్పీలంటూ నా గుమ్మం తొక్కకుండా మాత్రం ఏదో ఒకటి చూడండి."

లింగమూర్తి చూశాడు. వివరణ నంబరు రెండు: 'బోర్డు నిర్ణయము అంతిమము. దానిని మార్చుటకు కార్యదర్శికి సైతము అధికారము లేదు.'

నాలుగో వారానికి లీగులో మీసాలు రాని ఆటగాళ్లు పదకొండు మందే మిగిలారు. ఆ పదకొండూ గోదావరిఖని జట్టే. మిగతా ఐదు జట్లలో బావలు ఆడుతుంటే, పిల్లలు జేబులో సర్టిఫికెట్టు పెట్టుకుని గట్టున కూర్చుని ఐస్‌ఫ్రూట్ చీకుతూ, బంతి బయటికి పోతే పరుగెత్తుకెళ్లి తెచ్చి మళ్లీ కుంటుకుంటూ వచ్చి కూర్చునేవారు. 'రేపటి తారలు' అన్న బ్యానరు కింద బావలు బీడీలు కాల్చేవారు. ఎవరికీ ఏమీ వింతగా తోచలేదు. తండ్రి కుర్చీలో కొడుకు, కొడుకు కుర్చీలో అల్లుడు కూర్చోవడం చూసి పెరిగిన ఊరికి ఇందులో వింతేముంటుంది?

గోదావరిఖని పిల్లలు ఫైనల్‌కు రావడం కూడా బావల చలవే. రామగుండం బావలు సెమీఫైనల్లో ఐదు గోల్సు కొట్టి, ఆరున్నరకు ఫస్టు షిఫ్టు బస్సు హారన్ వినబడగానే సగంలో ఆట వదిలి బస్సెక్కేశారు. మస్టరు పోతే ఆ రోజు జీతం ఎవరిస్తారు? ఎదుటి జట్టు గ్రౌండులో లేదు గనుక గోదావరిఖని గెలిచినట్టు లింగమూర్తి స్టాంపు వేశాడు. మనవడి సీటు ఇక చేతికందినట్టే అనుకున్నాడు. లీగు మొత్తంలో సర్టిఫికెట్టు లేని పిల్లలు తన జట్టులోనే ఉన్నారు, వాళ్లకు కెప్టెన్ ప్రశాంత్. ఆ గురువారం ఆయన ఫైనల్ ఏర్పాట్ల పని మీద ఈల వేసుకుంటూ పెద్దపల్లి వెళ్లాడు.

శుక్రవారం పొద్దున తిరిగొచ్చేసరికి బల్ల మీద పదకొండు అన్‌ఫిట్ సర్టిఫికెట్లున్నాయి. అన్నిటికన్నా పైన ప్రశాంత్‌ది.

"ఏంరా గిది?" అన్నాడు.

ప్రశాంత్ మంచం మీద పడుకుని సెల్‌ఫోన్ చూస్తున్నాడు. "ఎల్లన్న కాక తొడ చూసినవా తాతా? నా నడుమంత ఉన్నది. నేనైతే ఆడను. మావోళ్లు ఎవ్వరు ఆడరు. అందరం కల్సి ఆగయ్య తాత కాడికి పోయి నేర్సుకున్నం."

"సీటురా. హాస్టల్ సీటు పోతది."

"నాకెందుకు హాస్టలు? కావాల్సింది చెల్లెకు. నువ్వు ఎన్నడన్న అడిగినవా?"

వాడు కోపంగా అనలేదు. మామూలుగానే అన్నాడు. అందుకే లింగమూర్తికి ఎక్కువ గుచ్చుకుంది. కళ్లద్దాలు సర్దుకుంటుంటే గుమ్మంలో పూలమ్మ కనబడింది. పక్కన హర్షిణి. పూలమ్మ చేతిలో దరఖాస్తు, దాని కింద పదిహేడో రూలు, దాని కింద వివరణ నంబరు ఒకటి, అన్నిటికీ కలిపి ఒక పిన్ను.

"ప్రశాంత్‌కు తమ్ముడు లేడు, బావ లేడు. చెల్లె ఉన్నది సార్" అంది పూలమ్మ.

"ఆడపిల్లలకు ప్రొవి..." అని లింగమూర్తి సగంలోనే ఆగాడు.

"గీ కాగితంల ఉన్నది. మీ సంతకమే." ఆమె వేలు 'కూతురు' అన్న మాట మీద ఆగింది. "పాత సర్క్యులర్ల గూడ బిడ్డ అనే ఉన్నదట గద. నాకు మూడుసార్లు లేదని రాసిండ్రు."

"అది... తర్వాత వచ్చిన సవరణ" అన్నాడు లింగమూర్తి. అవునో కాదో ఆయనకూ తెలియదు. ఆనాడు చూడలేదు. పూలమ్మ పెన్ను మూత తీసి ఇచ్చింది. హర్షిణిని కాదంటే వివరణ నంబరు ఒకటి తప్పవుతుంది. అది తప్పైతే ఎల్లన్న తప్పు, ఎల్లన్న తప్పైతే జైపాల్ ఫైనల్ రోజున సెలెక్టరు ముందే మైకు పట్టుకుంటాడు. లింగమూర్తి సంతకం చేశాడు.

ఆదివారం ఏడున్నరకు ఫైనల్. సెలెక్టరు అరుణకుమారి హైదరాబాద్ నుంచి జీపులో వచ్చింది. శ్రీరాంపూర్ బావలు నైటు షిఫ్టు దిగి నేరుగా వచ్చారు, గోదావరిఖని బావలు ఇళ్ల దగ్గర సద్ది తిని వచ్చారు. ఈల ఊదేసరికి గ్రౌండులో ఇరవై ఒక్కమంది మీసాల వాళ్లు, రెండు జడలేసుకున్న ఒక పిల్ల ఉన్నారు.

అరుణకుమారి బ్యానరు వంక చూసింది, గ్రౌండు వంక చూసింది, మళ్లీ బ్యానరు వంక చూసింది.

"పిల్లల మ్యాచ్ ఎన్నింటికండీ?" అంది.

"ఇదే మేడం" అన్నాడు లింగమూర్తి.

మొదటి గోలు హర్షిణికి ఎల్లన్న దానం చేసినట్టే వచ్చింది. ఆమె బంతితో ఎదురొస్తే ఆయన పక్కకు తప్పుకుని, "నా బిడ్డంత ఉన్నది, ఎట్ల అడ్డం పోత?" అని జైపాల్‌కు సంజాయిషీ చెప్పుకున్నాడు. తర్వాత శ్రీరాంపూర్ మూడు గోల్సు కొట్టింది. కానీ రెండోసారి హర్షిణి బంతి అందుకున్నప్పుడు ఎవరూ తప్పుకోలేదు. ముగ్గురు బావలు ఒకేసారి మీద పడ్డారు. ఆ పిల్ల బంతిని ఒకరి కాళ్ల మధ్య నుంచి పంపి, రెండో ఆయన చుట్టూ తిరిగి, మూడో ఆయన ఎటు చూస్తున్నాడో గమనించి రెండో వైపు కొట్టింది. బంతి వలలో పడింది. లింగమూర్తి తనకు తెలియకుండానే లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నాడు. గొప్ప సంతోషమేసింది. ఆ వెనకే సిగ్గేసింది. పన్నెండేళ్లుగా ఒకే ఇంట్లో ఉన్న పిల్ల ఆట ఆయన చూడటం అదే మొదటిసారి.

కప్పు మూడు రెండు తేడాతో శ్రీరాంపూర్‌కు పోయింది. ఎల్లన్న దాన్ని చంకలో పెట్టుకునే నిద్రపోయాడు.

అరుణకుమారి రిజిస్టరు తెప్పించుకుంది. "పద్నాలుగు లోపు వాళ్లు ఎవరెవరు?" అంటే అరవై ఏడుగురి పేర్లు వచ్చాయి. "వీళ్లలో ఫిట్‌గా ఉన్నవాళ్లు?" అంటే అరవై ఆరు సర్టిఫికెట్లు వచ్చాయి, లింగమూర్తి స్టాంపులతో. మిగిలింది ఒక్క పేరు.

"ఆ అమ్మాయినే తీసుకుందామనుకున్నాను. మీ కాగితాలు కూడా అదే చెబుతున్నాయి, నాకు పని తగ్గింది" అంది ఆమె. "ఈ ఫారం మీద సంతకం చేసి స్టాంపు వేసివ్వండి. ఇవాళే ఆఖరు రోజు. ఫారం లేకపోతే సీటు వేరే జిల్లాకు పోతుంది."

లింగమూర్తి సంతకం చేశాడు, స్టాంపు వేశాడు. దాన్ని ఆమెకు అందించడానికి మాత్రం చెయ్యి చాచలేకపోయాడు. ఫారం పట్టుకుని విశ్వేశ్వరరావును పక్కకు లాక్కెళ్లాడు.

"ప్రశాంత్ సర్టిఫికెట్టు ఒక్కటి చింపేద్దాం. కాలు బాగైందని రాయి. మగపిల్లగాడు, వానికి బతుకుదెరువు..."

"బోర్డు నిర్ణయం అంతిమం అని రాసింది మీరేగా అండీ" అన్నాడు విశ్వేశ్వరరావు, నిజంగానే బాధపడుతూ.

అవతల జీపు కదిలింది. ఆమె ఫారం ఫైల్లో ఉందనుకుని బయల్దేరింది. లింగమూర్తి కాగితం చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఏమీ తోచనప్పుడు కాగితాన్ని కదలకుండా పట్టుకోవడం ఒక్కటే ఆయనకు వచ్చిన విద్య. హర్షిణి మట్టికాళ్లతో ఎదురుగా నిలబడి ఆ కాగితం వంకే చూస్తోంది.

"సార్, గిది గూడ పక్కకు పెడ్తరా?" అంది పూలమ్మ వెనక నుంచి, మెల్లగా.

లింగమూర్తి తల తిప్పేలోగా ప్రశాంత్ ఆ ఫారం లాక్కుని పరుగందుకున్నాడు. అన్‌ఫిట్ పిల్లలంతా గట్టు మీద లేచి నిలబడ్డారు. జీపు గ్రౌండు దాటి రోడ్డెక్కింది. ప్రశాంత్ కుర్చీలు దూకాడు, కంచె దూకాడు, ఆగయ్య కొట్టు ముందున్న నీళ్ల డ్రమ్మును కూడా దూకాడు. గేటు ముందు బొగ్గు లారీల వరుస అడ్డం రావడంతో జీపు నెమ్మదించింది. ఆ సందున వాడు కిటికీ పట్టుకుని కాగితం లోపల పడేశాడు.

లింగమూర్తి వగరుస్తూ, నిజంగానే పట్టేసిన మోకాలితో కుంటుకుంటూ అక్కడికి చేరాడు. ఆగయ్య ఆయన నడకను మెచ్చుకోలుగా చూసి, "కుడి కాలే పట్టుకోండ్రి సార్, మంచిగొచ్చింది" అన్నాడు.

అరుణకుమారి జీపు దిగింది. ఫారం చూసి ఫైల్లో పెట్టుకుంది. తర్వాత ప్రశాంత్ వైపు చూసింది. వాడికి రొప్పు కూడా సరిగా రాలేదు.

"ఎవరండీ ఈ అబ్బాయి? ఇంత పరుగు నేనీ మధ్య చూళ్లేదు. వీణ్ణి నాకెందుకు చూపించలేదు? వచ్చే నెల అథ్లెటిక్స్‌లో ఒక సీటుంది, ఫిట్‌నెస్ ఒక్కటుంటే చాలు."

పూలమ్మ కూడా వెనకే వచ్చి చూస్తోంది. లింగమూర్తి కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు.

"ప్రొవిజన్ లేదు మేడం, వివరణ నంబరు రెండు" అన్నాడు. ముప్పై ఆరేళ్లలో ఆయన రూలు చూసి చెప్పిన మొదటి మాట అదే.